కాకరగింజకిచ్చిన సెలవు

సెలవుల టీచరు సాధించిన మొదటి ఘనవిజయం ఒక కాకరగింజ. ఒకటో తరగతి గ్లాసుల్లో చిక్కుళ్లన్నీ నాలుగోరోజుకే తలెత్తితే, అదొక్కటి పద్దెనిమిది రోజులు మట్టిలో మొండికేసింది. పారేయమన్నారు హెడ్మాస్టరు. ఆవిడ వినలేదు. పంతొమ్మిదో పొద్దున ఆ గింజ మట్టిపెళ్ల నెత్తినెత్తుకుని బయటికొచ్చింది.

ఆవిడకి ఉన్నది ఒకటే పిచ్చి. గింజలకి హాజరుపట్టీ వేసేది. మొలిస్తే 'వచ్చింది'. మొలవకపోతే, 'రాలేదు' అని రాస్తే చెయ్యి పడిపోతుందన్నట్టు, 'సెలవు' అని రాసి పక్కన రావలసిన తేదీ వేసేది. ఆ రోజుకీ రాకపోతే పిల్లలచేతే మట్టి తీయించేది. కుళ్లిపోతే ఎందుకో వాళ్లే కనిపెట్టాలి. గట్టిగా ఉంటే మళ్లీ పూడ్చి, ఇంకో తేదీ. ఎలుక కొరికిన గుమ్మడిగింజనీ, ఎండి గలగలలాడే మామిడిటెంకనీ ఆవిడ అలాగే మొలిపించింది.

తనిఖీకొచ్చిన అధికారి పట్టీ తిరగేసి, "ఈ గుమ్మడికి సెలవెవరిచ్చారు?" అన్నాడు. హెడ్మాస్టరుకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నేనేనండి. ఒంట్లో బాగాలేదంది" అంది ఆవిడ, నవ్వకుండా.

ఆ తరగతిలో ఒక చిన్నపిల్ల ఉంది. ఇంట్లో వసపిట్టేనట. బడిలో మాత్రం చేరి ఆర్నెల్లయినా పెదవి విప్పలేదు. ఇక లాభంలేదు, వేరే బడి చూసుకోమని తల్లిదండ్రులకి హెడ్మాస్టరు ఉత్తరం రాసిపెట్టారు. పంపేలోపే టీచరు బల్లెక్కి కాకరతీగకి దారం కడుతూ జారి కాలు విరగ్గొట్టుకుంది. పాఠం ఆయన నెత్తిన పడింది.

ఉత్తరం జేబులో పెట్టుకునే తరగతికి వెళ్లి పట్టీ తెరిచారు. గింజల తర్వాత, ఆఖరి పేజీలో ఆ పిల్ల పేరు కనబడింది. పక్కన 'మాట: సెలవు'. ఒక తేదీ కొట్టేసి ఇంకోటి, అదీ కొట్టేసి మరోటి. లెక్కపెడితే పదకొండు. ఎక్కడా 'రాలేదు' అని లేదు.

ఆయన ఆ పేజీ మీద వేలుంచి తేదీలన్నీ మళ్లీ మొదట్నుంచీ చదివారు. పిల్లలు చూస్తున్నారని లేచి, ఏదో ఒకటి రాయాలి గనక బోర్డు మీద 'టీచరు రాలేదు' అని రాశారు.

"రాలేదు కాదండీ. సెలవు."

తరగతంతా వెనక్కి తిరిగింది. ఆ పిల్లే. రెండు చేతులా తన గ్లాసు పట్టుకుని నిలబడింది.

"తేదీ కూడా వెయ్యాలి" అంది.

హెడ్మాస్టరు పట్టీలో 'మాట: వచ్చింది' అని రాశారు. జేబులోని ఉత్తరం, నీళ్లు కారుతున్న ఓ గ్లాసు కింద పెట్టడానికి పనికొచ్చింది. తర్వాత టీచరింటికి ఫోను చేసి, డాక్టరేమన్నారో కనుక్కుని, బోర్డు తుడిచి మళ్లీ రాశారు.

టీచరు: సెలవు. రావలసిన తేదీ: మార్చి పద్నాలుగు.