కోత పడని పథకం

వాహనాల అద్దె తీసేస్తే రోగులకు ఇబ్బంది ఉంటుందా అని ఆ రోజు సమావేశంలో అధికారి నన్నే అడిగారు. ఉంటుందని నాకు తెలుసు. చెప్పలేదు. కోత పైనుంచి వచ్చిందని మా ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు. పైనుంచి వచ్చింది ప్రశ్న మాత్రమే. కోత నాది.

మాది హైటెక్ సిటీలో ఒక కన్సల్టింగ్ కంపెనీ. ప్రభుత్వాలకు సలహాలిస్తాం. అంటే వాళ్ల లెక్కలు వాళ్ల దగ్గరే తీసుకుని, రంగులు వేసి, తిరిగి వాళ్లకే చూపిస్తాం. ఆ ఏడాది ఆరోగ్య పథకాల బడ్జెట్ పని మాకు వచ్చింది. సేవలు తగ్గకూడదు, ఖర్చు తగ్గాలి. ఇలాంటి కోరిక ఇంట్లో పిల్లలు కోరితే నవ్వి ఊరుకుంటాం. ఆఫీసులో అయితే దాన్ని ప్రాజెక్టు అంటాం.

ఆ పథకాల్లో ఒకటి, మంచం పట్టిన క్యాన్సర్ రోగుల ఇళ్లకు నర్సు వెళ్లి నొప్పి తగ్గే మందులిచ్చి, పుండ్లు కడిగి కట్లు మార్చేది. స్లైడు మీదికి ఒక ఫొటో కావాలని నన్ను ఓ రోజు ఆ నర్సు వెంట పంపారు. ఆమెది గుంటూరు వైపు. పథకం అద్దెకు తీసుకున్న వ్యాన్ ఎక్కబోతుంటే ఆపేసింది.

"ఆ సీట్లో కూర్చోకండి సార్. అది మందుల పెట్టెది. మీకంటే దానికే పని ఎక్కువండి."

హఫీజ్‌పేట్‌లో ఒక సన్నటి సందు. మేస్త్రీ పని చేసిన మనిషి, క్యాన్సర్ ఎముకలకు పాకి మంచం మీదున్నాడు. కాస్త కదిపినా ఓర్చుకోలేడు. అతని భార్య ఇంటి ముందే ఇస్త్రీ బండి పెట్టుకుని అపార్ట్‌మెంట్ల బట్టలు ఇస్త్రీ చేస్తుంది.

నన్ను చూసి అతను, "ఏంది సిస్టరమ్మా, ఇయ్యాల సారును తోల్కొచ్చినవ్? నన్ను కొంటడా?" అన్నాడు.

"నిన్నెవరు కొంటరు? కిరాయికి గూడ తీస్కోరు," అంది భార్య, అతని తల కింద దిండు సర్దుతూ.

నర్సు చూసి, మోతాదు పెంచాలని డాక్టరుకు ఫోన్ చేసి, కట్టు మార్చింది. కాసేపటికి అతను నిద్రపోయాడు. "బండి వచ్చిన దినమే గిట్ల పంటడు సార్," అంది భార్య, గొంతు తగ్గించి. నేను బయటికొచ్చి వ్యాన్ ఫొటో తీసుకున్నాను. వెలుతురు బాగుంది.

తర్వాత వారం ఎక్సెల్‌లో 'వాహనాల అద్దె' అన్న వరుసలన్నీ వేరుచేసి పరిపాలనా ఖర్చు కింద పడేశాను. చాలా పథకాల్లో అవి అధికారుల కార్లే. పోయినా ఎవరికీ జ్వరం రాదు. ఈ పథకంలో మాత్రం వ్యానే పథకం. నర్సు జీతం ఉంచాను, మందులు ఉంచాను, ఆ రెంటినీ ఇంటికి చేర్చేదాన్ని తీసేశాను. తెలిసే చేస్తున్నాను కాబట్టి వ్యాన్ లేకపోతే నర్సు ఇళ్లకు వెళ్లలేదని కింద చిన్న అక్షరాల్లో ఒక వివరణ రాశాను. మా టీమ్ లీడ్ చూశాడు.

"ఇది పెడితే ప్రశ్న వస్తది బాస్. ప్రశ్న వస్తే ఇంకో మీటింగ్. మన వీకెండ్ ఖతం."

వివరణ తీసేశాను. అయినా ప్రశ్న వచ్చింది. అధికారి తెలివైన మనిషి, పద్దులన్నీ చదివే వచ్చారు. టీమ్ లీడ్ తన కాఫీ కప్పు లోపలికి చూస్తున్నాడు.

"సేవల మీద ప్రభావం కనిపించడం లేదు మేడం," అన్నాను. అబద్ధం కూడా కాదు. ఆ షీట్‌లో నిజంగానే ఏమీ కనిపించదు.

పథకం కోత లేకుండా కొనసాగుతుందని ప్రకటించారు. మేం బిర్యానీ తిన్నాం. కంపెనీ క్యాబ్ నన్ను మణికొండలో ఇంటి గేటు దగ్గర దించింది. మా బడ్జెట్‌లో ఆ క్యాబ్ ఉద్యోగుల సంక్షేమం కింద ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు.

మరుసటి ఏడాది ఆ పథకం పనితీరు పడిపోయింది. కారణం కనుక్కోమని పని మళ్లీ మాకే వచ్చింది. క్షేత్ర అనుభవం ఉందని కంపెనీ నన్నే పంపింది.

నర్సు దవాఖానలో బల్ల వెనక గాజుగుడ్డ ముక్కలు కత్తిరిస్తోంది.

"రండి సార్, రండి. ఇళ్లకెళ్లి చూసే పథకమండి మనది. పాపం, ఆ ఇళ్లే ఇక్కడిదాకా రాలేకపోతున్నాయి." దగ్గరి ఇళ్లకు సొంత డబ్బుతో ఆటోలో వెళ్తోందట. "బండి తీసేశారు కదండీ. ఎవరో మహానుభావుడు."

"నేనే," అన్నాను.

కత్తెర ఆగింది. "తెలిసేనా?"

"తెలిసే."

"మరి నాకెందుకండీ చెప్పడం? నా జీతం నాకొస్తానే ఉంది. ఆ ఇస్త్రీ బండి ఆవిడకి చెప్పండి. ఆయన పోయారు."

వ్యాన్ తిరిగి పెట్టాలని, అవసరమని తెలిసి కూడా దాన్ని తీసేసింది నేనేనని నివేదికలో రాశాను. రెండో వాక్యం మనకవసరమా అన్నాడు టీమ్ లీడ్. ఉంచి పంపాను. ప్రతిపాదన పరిశీలనలో ఉందట.

ఆ తర్వాత హఫీజ్‌పేట్ వెళ్లాను. ఆమె ఎవరిదో ఆఫీసు చొక్కా ఇస్త్రీ చేస్తోంది.

"ఏంది సార్? ఆయన లేడు గద, ఇగ దేనికొచ్చినవ్?"

మొదలుపెట్టాను. బడ్జెట్ ఒత్తిడి అన్నాను, వాహనాల పద్దు అన్నాను, పైవాళ్ల నిర్ణయం అన్నాను. ఆమె చొక్కా చేతులు మడిచి పక్కన పెట్టింది.

"మనిషిని చూడంది గోలీలు పెంచరంటే ఆటోల దవాఖానకు తీస్కపోయిన. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్ల ఆటో ఆపుమని ఒకటే మొత్తుకున్నడు. ఆటో ఆయన గూడ ఏడ్చిండు. మా ఆయన ఇగ మల్ల ఆటో ఎక్కనన్నడు. పాత గోలీలే ఏసిన. నొప్పి ఆగలె." ఇస్త్రీపెట్టె నిలబెట్టి నా వైపు చూసింది. "పైవాళ్లు పైవాళ్లు అంటున్నవ్. వాళ్లకు ఏమెరుక? మా ఇల్లు నువ్వు చూసినవ్. ఆయనను నువ్వు చూసినవ్. బండి తీసేటప్పుడు నువ్వేడున్నవ్ సార్?"

"అక్కడే ఉన్నానమ్మా. నన్నే అడిగారు. పైవాళ్లు కాదు, బండి తీసేసింది నేనే. మీ ఆయన ఆ బండి మీదే బతుకుతున్నాడని తెలిసి కూడా నోరు విప్పలేదు. చాలా తప్పు చేశాను. నన్ను క్షమించండి."