పరదా లేని ఇల్లు

పోయిన నెల ఒక ఉదయం మా మేనత్త కాఫీ తాగి, అద్దం పక్కన కుర్చీలోనే పోయింది. తిరుత్తణి నుంచి తిరువాలంగాడు పోయే దారిలో దిగి అద్దాలిల్లు అంటే మా ఊళ్ళో ఎవరైనా చూపిస్తారు. ఆ ఇల్లు ఆమెది.

మామ పోయేనాటికి అత్తది చిన్న వయసు. ఉదయం బయలుదేరేవాళ్ళకు ఆమె ఎదురు రాకూడదని పాత పెంకుటింట్లో, కిటికీ లేని వెనక గదిలో కూర్చోబెట్టారు. తర్వాత ఆమె చదువుకుని టీచరయింది. రిటైరయ్యాక ఆ ఇంటినే పడగొట్టించి, వీధివైపు నేల నుంచి కప్పు దాకా అద్దమే పెట్టించింది. మేస్త్రీ పరదాలకు కమ్మీ బిగిస్తానంటే వద్దన్నది.

ఎండాకాలం ఆ ఇల్లు పెనంలా కాలేది. అత్త పడమటివైపు చిక్కుడుతీగ పాకించింది కానీ వీధివైపు ఏ అడ్డూ పెట్టలేదు. ఉదయం అద్దానికి తల ఆనించి, బస్సుకు పోయేవాళ్ళను చూస్తూ కూర్చునేది.

ఆ వీధి చివరే మామ వాళ్ళ అన్న ఉంటాడు, నాకు పెద్దమామ. కొడుకు పెండ్లికి అందరూ తిరువళ్ళూరు బయలుదేరే ముందు వచ్చి, ఆ ఒక్క పూటకు పరదా కట్టమని అడిగాడు.

"తల తిప్పుకోని పోండి బావా. నేను మాత్రం ఎనక్కి పోను," అన్నది.

వాళ్ళు వ్యాన్‌ను చెరువుకట్ట మీదుగా తిప్పారు. చక్రం బురదలో దిగబడింది. ముహూర్తం దాటిపోతుండగా చేరారట. మర్నాడు పెద్దమామ కనబడితే అత్త నవ్వలేదు.

"ఈసారి మా ఇంటి ముందరే పోండి బావా. తారురోడ్డు."

నా భర్త పోయినప్పుడు నన్ను తీసుకొచ్చి తన ఎదురుగా ఇంకో కుర్చీ వేసింది. నేను లోపల కూర్చుంటానంటే, "ఈ ఇంట్లో ఎనక గది లేదమ్మీ," అన్నది. ఓదార్పు మాటలు ఆమెకు రావు.

అత్త కర్మ అయిన మర్నాడు నేను పెరట్లో ఉండగా పెద్దమామ మనుషులతో వచ్చి అద్దానికి దుప్పట్లు కట్టించాడు. చావిల్లు, పైగా నువ్వొక్కదానివి, జనం కంట పడితే బాగుండదన్నాడు. నేను వాటిని విప్పి, మడిచి, ఆయన చేతికే ఇచ్చాను.

ఇప్పుడు ఉదయం అత్త కుర్చీలో నేను కూర్చుంటున్నాను. అద్దం నేనే తుడుస్తాను. ఆమె తల ఆనిన చోట నూనె మరక ఉంది. దాన్ని వదిలి చుట్టూ తుడుస్తాను. బస్సుకు పోయేవాళ్ళు ఆ మరకనూ, పక్కన నా ముఖాన్నీ చూసే పోతున్నారు.