వానలో మిద్దెక్కిన కాంపౌండరు

మా ఊరి ఆసుపత్రి కాంపౌండరు పోయాడని మొన్న బస్సు డ్రైవరు చెప్పాడు. జబ్బు చేసి రెండు నెలల కింద రాజంపేటలో కూతురింటికి పోయినవాడు, అక్కడే కన్ను మూశాడట. అరుగు మీది పెద్దమనుషులు విన్నారు. "పిచ్చోళ్లతో తిరిగి తిరిగి ఆయనకీ అంటుకునిందిలేప్పా" అన్నాడొకడు. ఆ నోటికి అట్లకాడ కాల్చి పెట్టాలనిపించింది. అది చేతగాక ఇది రాస్తున్నాను.

చెరువు కట్ట తెగిన ఏడు, మిద్దెక్కుతుండగా మా వదిన చేతిలోంచి బిడ్డ నీళ్లలోకి జారిపోయాడు. సర్కారు గుమాస్తా వచ్చి కూలిన గోడలు, కొట్టుకుపోయిన ఎద్దులు రాసుకున్నాడు. మబ్బు పడితే చాలు మిద్దెక్కి కూర్చునే మనిషిని ఏ గడిలో రాయాలో అతనికి తెలియలేదు. వారానికొకసారి వచ్చే డాక్టరు బలహీనత అని టానిక్కు రాశాడు. మంత్రగాడు వేపమండలతో కొట్టాడు. నాలుగేళ్లు ఇదే వైద్యం.

నేను చేసింది అంతకన్నా ఘనం. మరిదిని కదా, సరసమాడే హక్కుందనుకున్నాను. ఒక పగటిపూట ఆమె వాకిలి ఊడుస్తుంటే మిద్దె మీది వాననీళ్లు కిందికి పోయే దోనెలోంచి బిందెడు నీళ్లు వదిలాను. ఆ చప్పుడుకు వదిన పక్కింటి మేకపిల్లను చంకనేసుకుని నిచ్చెనెక్కి వచ్చింది. "బిడ్డను పట్టుకో నాయనా, నీళ్లొస్తాండాయి" అని దాన్ని నా చేతుల్లో పెట్టింది. కింద వీధంతా నవ్వుతోంది.

ఆ సాయంత్రమే అన్న తేల్చేశాడు. "ఈ వానాకాలం చూస్తా. అప్పటికీ ఇట్నే ఉంటే పుట్టింటికి తోలేస్తా."

సంగతి విని మా ఇంటికొచ్చిన కాంపౌండరు నన్ను తిట్టలేదు. "ఎక్కించినోడివి నువ్వే కదా. రా, పక్కన కూర్చో. నోరు మాత్రం తెరవొద్దు" అన్నాడు.

వాన పడితే ఆయన వదిన వెనకే మిద్దెక్కేవాడు. కట్ట తెగిన రోజు ఏం జరిగిందో పొద్దున్నుంచీ చెప్పమనేవాడు. బిడ్డ జారిన చోటికి రాగానే ఆమె ఆగిపోయేది. ఆయన తొందరపెట్టడు. మళ్లీ వానకు మళ్లీ మొదటి నుంచి. గుర్తు చేయొద్దని అన్న అరిస్తే, "పుండు కడగకుండా కట్టు కట్టేది నాకు రాదప్పా" అన్నాడు. చెయ్యి పట్టి దించడానికి ఎవరినీ రానివ్వలేదు. తడిసిన పొడుం డబ్బీ విదిలిస్తూ వానను బూతులు తిట్టేవాడు. ఒకసారి దానికి వదిన నవ్వింది.

"మర్చిపోమని అడగొద్దండి. వాన పడతాండంగా పొయ్యి ముట్టిస్తే శాలు" అనేవాడు మాతో.

ఆ ఏటి చివరి వానలో ఆమె చివరిదాకా చెప్పింది. శానాసేపు ఏడ్చింది. వాన ఆగకముందే తానే దిగి పొయ్యి ముట్టించింది. అన్న ఆ సంగటి తిన్నాడు. కాంపౌండరుతో ఒక్క మంచి మాట అనలేదు. ఊరూ అనలేదు. ఇప్పుడు మాత్రం లేచాయి నోళ్లు.

వదినలాగే వానకు మిద్దెక్కేవాళ్లలో ఆయన మొదలుపెట్టి దించలేకపోయినవాళ్లు ఊళ్లో ఇంకా ముగ్గురున్నారు. నిన్న మబ్బు పట్టింది. పొయ్యి దగ్గర్నుంచి వదిన కేకేసింది: "యాడ చూస్తాండావు? పై వీధిలో మగ్గమాయన దగ్గరికి పో. ఆయనకు ఉరుమంటే శానా భయం."

ఆ ఇంటి ముందు నలుగురు చేరి పైకి చూస్తూ ఇకిలిస్తున్నారు. వాళ్లను తోసుకుని నిచ్చెనెక్కాను. మగ్గమాయన నా వైపు చూడలేదు. కప్పుకున్న గొంగడి ఒక అంచు ఎత్తి, నేను దూరేదాకా అలాగే పట్టుకున్నాడు.