ఆవిడ మర్చిపోయిన రోజు

అమెరికాలోని క్యారీలో, నా మొదటి ఉద్యోగంలో పని నేర్పిన సీనియర్ ఇంజనీరును అక్కా అనేవాణ్ణి. పట్టాల మీద బరువైన బండి అటూ ఇటూ పరిగెత్తే మెషీన్లు మావి. ఆన్ చేసే ముందు ఆవిడ ఒక్కో సెన్సార్‌కీ స్క్రూడ్రైవర్ మొన చూపించి, దాని చిన్న లైటు వెలిగాకే కదిలేది.

"చివర్లో లిమిట్ సెన్సార్ ఉందిగా అక్కా, అదే ఆపేస్తుంది," అన్నానొకసారి విసుగ్గా.

"దానికి ముందున్న స్లో-డౌన్ సెన్సార్ స్పీడ్ తగ్గిస్తేనే అది ఆపుతుంది తమ్ముడూ. పరిగెత్తేవాణ్ణి గోడ దగ్గర ఆగమంటే ఆగుతాడా?"

కస్టమర్ వచ్చిన రోజు, ఆవిడ చెకింగ్ అయిపోయాక, మెషీన్ ఇంకా వేగంగా కనబడాలని స్లో-డౌన్ సెన్సార్‌ను ప్రోగ్రామ్‌లో బైపాస్ చేశాను. బండి లిమిట్ దాటిపోయి, అందరి ముందూ చివరి దిమ్మెను గుద్దుకుంది.

మీటింగ్‌లో మేనేజర్ కారణం అడిగాడు. బైపాస్ చేసింది నేనేనని, నా వీసా ఇంకా కంపెనీ చేతిలోనే ఉందని అక్కకు తెలుసు. నావైపొకసారి చూసి, "సెన్సార్లు చెక్ చేయడం నేనే మర్చిపోయాను," అంది ఇంగ్లీషులో.



మర్నాటి నుంచి, ఆవిడ చెక్ చేసిన సెన్సార్లన్నీ మళ్లీ చెక్ చేసే పని మేనేజర్ నాకు అప్పగించాడు.

చేశాను.