కనకమ్మ పోయని సాక

మా రఘునాథపల్లి వైపు పెత్రమాస నాడు, అంటే పెద్దల అమావాస్యకు, చనిపోయినవాళ్లకు సాక పోయని ఇల్లుండదు. వాళ్లు ఇష్టపడి తాగిన కల్లో సారానో, ఆకులో వడ్డించిన అన్నం పక్కన మూడుసార్లు నేలమీద వంచి పేరుపెట్టి పిలుస్తారు. అలా పిలిచారంటే ఆ మనిషి పెద్దల్లో కలిసినట్టే. గౌండ్ల కనకమ్మ ఊరందరి సాకకూ కల్లు తెచ్చిచ్చేది గాని, తన కొడుకు నారాయణకు మాత్రం పదమూడేళ్లపాటు చుక్క పోయలేదు.

నారాయణ జనగామలో నాతోపాటు చదివాడు. అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం హైదరాబాదులో ఊరేగింపంటే ఇద్దరం రైలెక్కాం. రమ్మని పట్టుబట్టింది నేనే. కాల్పులు మొదలై జనం చెల్లాచెదురైనప్పుడు నేను ఒక సందులో దూరాను. వాడు ఎటు పోయాడో చూడలేదు. శవం దొరకలేదు, ఏ జాబితాలోనూ పేరు లేదు. ఊళ్లో నన్నెవరూ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

కనకమ్మ కూడా ఏమీ అడగలేదు, ఏడవలేదు. ఆమెది పేరుపడ్డ నాలుక. ఒక్క చుక్క నోట వేసుకుని, కల్లు పోతుతాటిదో పెంటితాటిదో, చెట్టుకు కట్టిన లొట్టి ఎప్పుడు దించారో, నీళ్లు ఎవరు కలిపారో చెప్పేసేది. కొడుకు పోయాక కూడా ఆ చెప్పడం మానలేదు, ఒక్కసారీ తప్పలేదు. కానీ ఎంత మంచి కల్లయినా బాగుందన్న మాట మళ్లీ ఆ నోట రాలేదు. కూరలో ఉప్పు మరిచిపోయినా తెలియనట్టే తింటుందని ఆమె భర్త బుచ్చయ్య చెప్పేవాడు. ఊరి ఆడవాళ్లు దాన్ని గుండె నిబ్బరం అన్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. నిబ్బరమట, నిబ్బరం! మనిషి మొద్దుబారిపోయిందని కళ్లముందు కనపడుతుంటే. నేనూ అలాగే ఉన్నాను గనక నాకు తెలుసు.

ప్రతి పెత్రమాసకూ బుచ్చయ్య బతిమాలేవాడు.

"నేను తాటిచెట్లెక్కే మనిషిని. ఎన్నడు జారిపడ్తనో ఏమో. నేనున్నప్పుడే పోరనికి జర సాక పోద్దామే."

"సచ్చినోళ్లకు గద పోసుడు. రేపు వాడొచ్చి, నాకు సాక పోసినవా అవ్వా అంటె నేనేం జెప్పాలె?" అనేది కనకమ్మ, గిన్నెలు తోముతూనే.

ఎనభై రెండు పెత్రమాసకు మా అన్న ప్రకాశం ఒక సీసా తెచ్చాడు. భూపాలపల్లి అడవిలో బొగ్గు కోసం బోర్లు వేసే చోట అతనికి ఉద్యోగం. అక్కడికి వచ్చిన ఫ్రెంచి ఇంజినీరొకాయన వెళ్లిపోతూ ఇచ్చాడట. తెల్ల వైను అన్నారు గాని రంగు పాత తేనెలా ఉంది. మా బాపుకు బతికున్నప్పుడు ఏ మందైనా కొత్తదైతే చాలు. అందుకని ఆయన సాకకు దాన్నే తీద్దామనుకున్నాం. బిరడా పైకి లాగే సాధనం మా కొంపలో ఎక్కడిది? గరిటె కాడతో లోపలికే తోసేశాం.

ప్రకాశం ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "గిది ఖరాబైనట్టున్నది రా." సరిగ్గా అప్పుడే కనకమ్మ కల్లుకుండతో వాకిట్లోకి వచ్చింది. "కనకవ్వా, జర నువ్వు జూడు" అని గ్లాసు చేతికిచ్చాడు.

ఆమె ముందు వాసన చూసింది. తర్వాత ఒక గుక్క నోట్లో చాలాసేపు ఉంచుకుంది.

"ఖరాబ్ కాలే. ఏదో పండు పిండిన రసం, చెట్టునీరు గాదు. కుండల పెట్టలే, కట్టెపీపల పెట్టిన్రు. ఆ కట్టెను మంటకు జూపిన్రు, పొగ తెలుస్తున్నది. ముందుగాల వెన్న వాసన, ఎన్క ఏంపిన పల్లికాయ. పులుపు మాత్రం సావలే, అడుగున నిలవడ్డది. ముసలిది గిది. ఎప్పటిది పటేలా?"

ప్రకాశం నోరు వెళ్లబెట్టాడు. ఓక్ అనే చెట్టు చెక్కతో పీపా చేసి, లోపల మంటతో కాలుస్తారని ఆ ఫ్రెంచాయన చెప్పింది నిజమేనట. సీసా తిప్పి చీటీ చూశాడు.

"అరవై తొమ్మిది."

నేను నేల చూశాను. కనకమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు.

"పొద్దుగాల దించింది మాపటికి పులుస్తది. గిది ఇన్నేండ్లు ఎట్లున్నది?"

"మూత బిగించి చీకట్ల పండబెడ్తరట."

"ఇంకెన్నేండ్లుంటది?"

"ఇంకుండదు కనకవ్వా. ఎంత మూసిపెట్టినా దీనికి గూడ గడువున్నదని జెప్పిండాయన. ఈ ఏడో పై ఏడో తియ్యాలె. దాటితే లోపల్నే సచ్చిపోతదట. పైకి సీసా సీస లెక్కనే ఉంటది."

ఆమె సీసా వంక కాసేపు చూసింది. తర్వాత, "నాకింత పొయ్యిండ్రి" అంది. ఆమె మా ఇంట్లో నోరు తెరిచి అడిగింది అదొక్కసారే. చెంబులో పోస్తే కొంగు కప్పుకుని వెళ్లిపోయింది. వాకిట్లో మరిచిపోయిన కల్లుకుండ తీసుకుని నేనూ వెనకాలే వెళ్లాను.

బుచ్చయ్య గీతకత్తి నూరుకుంటున్నాడు. కనకమ్మ ఆకు వేసి, అన్నమూ కూరా వడ్డించింది. అతనికి అర్థమై లేచి నిలబడ్డాడు. ఆమె చెంబు వంచుతూ "నారాయణా" అంది. బువ్వకు పిలిచినట్టే పిలిచింది, మూడుసార్లూ. బుచ్చయ్య బావురుమన్నాడు. ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి.

"కల్లన్న గాకపాయెనే" అన్నాడు బుచ్చయ్య ఏడుస్తూ.

"వాడు కల్లు ముట్టకపోతుండె గద."

చెంబు అంచున మిగిలింది వేలితో తీసి నాలుకకు రాసుకుంది. "మంచిగున్నది" అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"శ్రీపాలూ, ఆ దినం వాడేమన్న తిన్నడా బిడ్డా?"

వాణ్నెందుకు విడిచి వచ్చావని అడుగుతుందనుకుని పదమూడేళ్లుగా జవాబులు కూడబెట్టుకున్నాను. చేతిలోని కల్లుకుండ కింద పెట్టాను.

"జనగామ స్టేషన్ల ఒక బన్ను కొన్నం అవ్వా. సగం నాకిచ్చిండు."

"సగమేనా తిన్నది" అని, కనకమ్మ ఆకులో ఇంకో గరిటెడు అన్నం వేసింది.