ఇండికేటర్ టిక్కుమనడం మానేసినప్పుడు

మా పాత కారు ఇండికేటర్ పాడైన సంగతి నాకు ముందుగా చెవులకే తెలిసింది. ఫ్రైబర్గ్‌లో మా ల్యాబ్ దగ్గరి మలుపులో కుడివైపు వేశాను. రావలసిన టిక్కుటిక్కు రాలేదు. ఎదుట డాష్‌బోర్డు మీద పచ్చబాణమూ వెలగలేదు. ఎడమవైపు వేసి చూస్తే అదీ అంతే. వెనక సైకిల్ మీద వస్తున్నావిడ నేనెటు తిరుగుతానో తెలియక కాలు కింద పెట్టి ఆగిపోయింది.

సాయంత్రం డ్రెస్డెన్‌లో ఆఫీసు ముగించుకుని వచ్చిన మా ఆయనకు చెప్పాను.

"గ్యారేజ్‌ల టెర్మిన్ తీస్కో. నువ్వెందుకు పరేషానైతవ్?" అన్నాడు.

ఫోన్ చేసి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్ అడిగితే మూడు వారాల తర్వాత రమ్మన్నారు. అన్నాళ్ళు కారు తీయకుండా గడవదు. పైగా అసలు దానికేమైందో తెలుసుకోవాలన్న కుతూహలం నన్ను నిలవనీయలేదు.

మా కింది ఫ్లాట్‌లో ఒక పెద్దాయన ఉంటారు. గని యంత్రాల ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యారు. అప్పటిదాకా మెట్ల మీద పలకరింపులే తప్ప మాటల్లేవు. శనివారం పొద్దున నేను కారు చుట్టూ తిరగడం కిటికీలోంచి చూసి, ఇంటి చెప్పులతోనే బయటికి వచ్చారు. బల్బు మార్చాలనుకుంటున్నానని చెప్పాను.

"రెండు వైపులా బల్బులన్నీ ఒకే రోజు పోతాయా?" అని అడిగారు.

పోవు. ఆ మాత్రం నాకే తట్టాల్సింది. ఒక బల్బు పోతే ఆ వైపు ఇండికేటర్ మామూలుకంటే గబగబా కొట్టుకుంటుందట. ఏ వైపూ వెలగకపోతే అనుమానించాల్సింది రిలేని, అంటే కరెంటును ఆపుతూ వదులుతూ దీపాన్ని మిణుకుమనిపించే చిన్న డబ్బాని. తన చేతులు వణుకుతాయనీ, పని నన్నే చెయ్యమనీ అన్నారు.

కారు తాళంచెవి బయటికి తీసేసి, స్టీరింగ్ కిందికి తల దూర్చి మూత ఊడదీశాను. అగ్గిపెట్టెంత నల్లడబ్బా. లాగితే వచ్చేసింది. దాని అడుగున లోహపు కాళ్ళ పక్కన సన్నటి అంకెలు: 31, 49, 49a. చదివి వినిపిస్తే ఆయన చూడకుండానే వాటి అర్థం చెప్పారు. నలభై తొమ్మిదిలో కరెంటు వస్తుంది, 49aలోంచి దీపాలకు వెళ్తుంది, ముప్ఫై ఒకటి ఎర్త్. ఈ దేశపు కార్లన్నిటిలో ఇవే అంకెలట. మూడేళ్ళుగా నా మోకాలి పక్కనే ఉన్నా నాకు తెలియలేదు.

ఆ డబ్బా ఉన్నచోట 49కీ 49aకీ చిన్న వైరు ముక్క కలిపి, తాళం తిప్పి, కుడివైపు ఇండికేటర్ వేయమన్నారు. ముందూ వెనకా దీపాలు వెలిగాయి, మిణుకుమనకుండా నిలకడగా. ఎడమవైపూ అంతే. ఆయన కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చారు.

"వైర్లు బాగున్నాయి. బల్బులు బాగున్నాయి. స్విచ్చి బాగుంది. ఇంక మిగిలిందేమిటి?"

మిగిలింది నా గుప్పిట్లో ఉంది.

మధ్యాహ్నానికల్లా విడిభాగాల దుకాణంలో అవే అంకెలున్న కొత్తది దొరికింది. పెట్టగానే టిక్కుటిక్కుమంది. మా ఆయన బాల్కనీలోంచి చూసి ఆశ్చర్యపోయాడు.

నాకు మాత్రం పని అయిపోయినట్టు అనిపించలేదు. పాతది ఎందుకు పోయింది? మూత తెరిచి చూస్తే కంటికి ఏ లోపమూ కనిపించలేదు. లోహాల్లో పగుళ్ళు వెతకడమే నా ఉద్యోగం. సోమవారం దాన్ని ల్యాబ్‌కి తీసుకెళ్ళి మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఒక కాలి చుట్టూ టంకంలో ఉంగరంలాంటి పగులు, వెంట్రుకకంటే సన్నగా. ఏళ్ళ తరబడి వేడెక్కుతూ చల్లారుతూ అక్కడ విడిపోయింది.

ఫోటో ప్రింట్ తీసి పెద్దాయనకిచ్చాను. కళ్ళజోడు తెచ్చుకుని చాలాసేపు చూశారు.

"నలభై ఏళ్ళలో ఇలాంటివి ఎన్ని పీకి పారేశానో. ఒక్కదాని లోపలా చూడలేదు," అన్నారు. తనే స్వయంగా చూడటానికి వీలవుతుందా అని మొహమాటపడుతూ అడిగారు.

మా ప్రొఫెసర్ ఒప్పుకున్నారు. గురువారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పిన టైముకంటే పావుగంట ముందే వచ్చారు. నేను ఫోకస్ సరిచేసి పక్కకి తప్పుకున్నాను. కన్ను ఆనించి, ఇంకొంచెం జరపమన్నారు. జరిపాను. ఇంకొంచెం అన్నారు. తోటివాళ్ళంతా భోజనానికి వెళ్ళిపోయారు. నాకూ ఆకలేస్తోంది గానీ, ఆయన కన్ను తీసేదాకా పక్కనే నిలబడ్డాను.