వాగు ఒడ్డు ఎంత పొడవు?

తెలంగాణ వచ్చిన నాలుగో ఏడాది. నేను అచ్చంపేట వైపు సర్వేయరుగా పనిచేస్తున్నాను. ఎమ్మెస్సీలో చదివిన లెక్కలకూ చేతిలో ఉన్న చైనుకూ ఏ సంబంధమూ లేదని ఏడుస్తూ, కిరాయి గదిలో ఒక్కడినే వండుకు తినే రోజులు.

అడవి అంచున ఈరమ్మకు పల్లి చేను ఉంది. భర్త పోయాక ఒక్కతే సాగుచేస్తోంది. చేనుకు ఒకవైపు వాగు. అడవిపందులు రాకుండా ఆ ఒడ్డున కంచె వేయాలంటే, నేను కొలిచి మూడు వందల మీటర్లని రాసిచ్చాను. సర్కారు నుంచి అంత తీగే వచ్చింది. వారం తిరక్కుండా కబురు. తీగ అయిపోయిందట, ఒడ్డు ఇంకా మిగిలిందట. ఆ సందులోంచి పందులు దూరి నాలుగు సాళ్లు పెళ్లగించాయి. సందు మూయకపోతే మిగతా పంట కూడా దక్కదు.

"కండ్లు మూసుకొని కొలిచినవా సారు?" అంది.

నాకు ఒళ్లు మండింది. ముప్పై మీటర్ల చైనుతో మళ్లీ కొలిచాను. అదే మూడు వందలు. ఆమేమో ప్రతి బండ చుట్టూ, ప్రతి వంపులోకీ తీగ లాగింది. ఆ వంపుల వెంబడి ఐదు మీటర్ల టేపు పట్టుకుపోతే నాలుగు వందలు దాటింది. మీటరు కర్రతో కొలిస్తే ఇంకా పెరిగింది.

అప్పుడు నవ్వొచ్చింది. నేను చదివిందే ఇది! తిన్నని గీతకు డైమెన్షన్ ఒకటి, పరిచిన చాపకు రెండు. ఇలాంటి వంకర ఒడ్డుకు రెంటికీ నడుమ ఒక భిన్నం. దాన్ని ఫ్రాక్టల్ డైమెన్షన్ అంటారు. కొలిచే కర్ర చిన్నదయ్యేకొద్దీ పొడవు ఎంత జోరుగా పెరుగుతుందో అది చెబుతుంది.

"తప్పు మనిద్దరిదీ కాదు పెద్దమ్మా. వంపులు ఇడిచిపెట్టి తిన్నగ కట్టు. జరంత జాగా బయట పోతది, పంట దక్కుతది."

రెండు రోజులు నేనూ ఓ చేయి వేశాను. గుంజలు మార్చి పాతాం. తీగ సరిగ్గా సరిపోయింది. చైను చుట్టుకుంటుంటే ఈరమ్మ ఒక పుల్ల విరిచి తెచ్చింది.

"గీ జానెడు పుల్లతోని కొలిస్తె ఇంక పెరుగుతదా సారు?"

"పెరుగుతది."

"అయితె కొలువు."

"కంచె అయిపాయె గద, ఇంకెందుకు?"

ఆమె వాగు వైపు చూసింది. "నువ్వు కొలుస్తున్నంతసేపు నాతోని మాట్లాడనీకె ఒక మనిషుంటడు."

పుల్ల తీసుకుని వంగాను. ఆమె ఏవేవో చెబుతూనే ఉంది. సగం ఒడ్డయినా కాకముందే పొద్దుగూకింది. ఏదైనా కొలిచేముందు దేనికోసమో అడగాలని ఆ రోజు నేర్చుకున్నాను. నాకూ ఇంటికి వెళ్లే తొందర లేదని కూడా అప్పుడే తెలిసింది.